ఒంటిచేతి రిమోట్

మా ఆయనకు స్ట్రోక్ వచ్చింది ఆఫీసులోనే, పొద్దున పదిన్నర మీటింగులో. నిన్న ఏం చేశామో, ఈరోజు ఏం చేస్తామో అందరూ నిలబడి చెప్పుకునే మీటింగ్ అది. తన వంతు వచ్చినప్పుడు ఆయన నోరు తెరిచి "అదే... అదే..." అన్నాడట. తమాషాకు అంటున్నాడనుకుని ఇద్దరు ముగ్గురు నవ్వారట. గోడకు ఒరిగి కిందికి జారిపోయేదాకా ఎవరికీ అర్థం కాలేదు. అప్పటికి ఆయనకు నలభై ఒక్కేళ్లు. నేను హైటెక్ సిటీలో అదే రోడ్డు మీద, నాలుగు బిల్డింగుల అవతల ఇంకో కంపెనీలో టెస్టింగ్ పని చేస్తున్నాను. ఫోన్ రాగానే కారు తీస్తే ట్రాఫిక్‌లో ఇరుక్కుంటానని నడుస్తూ, పరిగెత్తుతూ వెళ్లాను. నేను చేరేసరికి ఆయన్ను అంబులెన్స్ ఎక్కిస్తున్నారు. మెడలో ఐడీ కార్డు ఇంకా వేలాడుతూనే ఉంది.

కుడిపక్క మొత్తం పడిపోయింది. ఆరు నెలలకు కుడికాలు కొంచెం తిరిగొచ్చింది, కర్ర పట్టుకుని హాల్లోంచి బాత్రూమ్ దాకా నడిచేంత. చెయ్యి రాలేదు. మాట కూడా రాలేదు. మనం చెప్పేదంతా ఆయనకు అర్థమవుతుందని, చెప్పాల్సింది కూడా లోపల ఉంటుందని, బయటికి వచ్చే దారి మాత్రమే మూసుకుపోయిందని డాక్టర్ చెప్పింది. "అదే", "వద్దు", ఇవి రెండూ వచ్చేవి. ఒకటి నుంచి మొదలుపెడితే అంకెలు వరసగా పది దాకా వచ్చేవి. నీళ్లు కావాలన్నా "అదే", ఫ్యాన్ తగ్గించమన్నా "అదే". నేను ఒక్కొక్కటీ అడుగుతూ పోవాలి. సరైనది తగిలేలోపల ఆయన కళ్లు ఎర్రబడేవి.

మాకు పిల్లల్లేరు. ఇంట్లో మాతోపాటు ఉండేది మా మామ ఒక్కడే. నార్సింగి దగ్గర పల్లెలో పుట్టి, చిన్నప్పటి నుంచి రాళ్ల క్వారీల్లో పని చేసిన మనిషి. బండకు బెజ్జాలు వేయడం, మందు కూరడం, పగిలినదాన్ని సుత్తితో సైజు చేయడం ఆయన పని. ఆ దుమ్ముకి ఊపిరితిత్తులు పాడైపోయాయి. పది మెట్లెక్కితే ఆగి గోడ పట్టుకునేవాడు. నేను ఆఫీసుకు వెళ్తే పగలంతా కొడుకును చూసుకునేది ఆయనే. నాది అనంతపురం వైపు. పెళ్లైన కొత్తలో మామ మాట నాకు సగమే అర్థమయ్యేది. ఇద్దరం కలిసి ఒక జబ్బు మనిషిని లేపడం, కూర్చోబెట్టడం మొదలయ్యాక మాటల అవసరం తగ్గిపోయింది.

బీమా కాగితాల కోసం మా ఆయన ఫోన్ తెరవాల్సి వచ్చింది. అప్పుడు చూశాను, అందులో ఆయన దాచిపెట్టుకున్న వీడియోలు. రిమోట్‌తో నడిచే చిన్న జీపులు బండరాళ్ల మీదికి అంగుళం అంగుళం పాకుతూ ఎక్కుతుంటాయి. క్రాలర్లు అంటారట వాటిని. ఒక కిట్టు పేరు రాసుకుని, దాని కింద మోటారు ఏది, సర్వో ఏది అని ప్రశ్నార్థకాలు పెట్టుకున్నాడు. నాకెప్పుడూ చెప్పలేదు. పదకొండేళ్ల కాపురంలో ఆయనకు అలాంటి కోరిక ఒకటుందని నాకు తెలియదు. ఆ ప్రశ్నార్థకాలకు జవాబు దొరికేలోపే మీటింగులో పడిపోయాడు.

ఇంటికొచ్చి చేతి కసరత్తులు చేయించే అమ్మాయి, ఎడమచేత్తో చేసే సున్నితమైన పని ఏదైనా పెట్టమంది. పూసలు గుచ్చించి చూశాం. ఆయన పళ్లెం తోసేశాడు. ఆ శనివారం నేను కూకట్‌పల్లి వెళ్లాను.

మార్కెట్ వెనక మేడ మీద ఉంది ఆ కొట్టు. ఎక్కువగా డ్రోన్ల సామాను, ఇంజినీరింగ్ పిల్లల ప్రాజెక్టు సామాను అమ్ముతారు. యజమాని యాభై దాటిన మనిషి, గోదావరి యాస. నేను ఫోన్లోని పేరు చూపిస్తే, "పిల్లాడికాండీ?" అన్నాడు. తలూపాను. అయితే కిట్టు వద్దండి అన్నాడు. రెండు రకాలుంటాయట. ఒకటి పెట్టెలోంచి తీసి, బ్యాటరీ ఛార్జ్ చేసి, నడిపేసేది. రెండోది కిట్టు. అందులో విడి భాగాలూ, వందలకొద్దీ స్క్రూలూ, బొమ్మల పుస్తకం ఒకటీ ఉంటాయి. మోటారు, స్పీడ్ కంట్రోలర్, సర్వో, రిమోట్, బ్యాటరీ, ఛార్జర్ ఏవీ రావు. అన్నీ మనమే చూసి ఎంచుకుని, ఒకదానికొకటి పొసగేలా తెచ్చుకోవాలి. మొదటిసారి కొనేవాళ్లకు అది తలనొప్పి అన్నాడు. నడిపేందుకు తయారుగా ఉన్న ఒక బండిని తీసి చేతిలో పెట్టాడు. బాగానే ఉంది. ఆలోచించుకుని వస్తానని చెప్పి దిగిపోయాను.

ఆ తర్వాత నెలరోజులు నేను దాని గురించి తప్ప ఇంకేమీ చదవలేదు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఒక షీటు తెరిచాను. కాల్స్‌లో మైకు ఆపేసి, అవతల ఎవరో బగ్గుల లెక్క చెబుతుంటే, నేను మోటార్లు పోల్చుకునేదాన్ని. మోటారులో తీగ చుట్లు ఎక్కువైతే వేగం తగ్గుతుంది, లాగే బలం పెరుగుతుంది. రాళ్లెక్కే బండికి వేగం అక్కర్లేదు కాబట్టి చుట్లు ఎక్కువున్నదే కావాలి. ముందు చక్రాలను తిప్పే సర్వోకి లోపల ఇనప పళ్లుండాలి, ప్లాస్టిక్ పళ్లయితే రాతిసందులో చక్రం ఇరుక్కున్నప్పుడు అరిగిపోతాయి. స్పీడ్ కంట్రోలర్‌లో బ్రేకు ఉండాలి, వేలు తీసేయగానే బండి ఏటవాలు మీదైనా ఉన్నచోటే నిలబడాలి. ఇవన్నీ నాకు నచ్చాయి. ప్రతి ప్రశ్నకూ ఒక జవాబుంది. ఇది పెడితే అది పనిచేస్తుంది, అది పెడితే ఇది కాలిపోతుంది. ఇంట్లో ఏ ప్రశ్నకూ అలాంటి జవాబు లేదు. ఆ రోజుల్లో నేను సుఖంగా ఉన్నది ఆ షీటు ముందు కూర్చున్నప్పుడేనని చెప్పడానికి ఇప్పుడు కూడా సిగ్గుగానే ఉంది.

కిట్టే కొనాలని అప్పుడే తేల్చుకున్నాను. భాగాలు బిగిస్తే చేతికి పని దొరుకుతుందని మామకు చెప్పాను, కసరత్తు అమ్మాయికీ అదే చెప్పాను. అది నిజమే. కానీ అసలు కారణం వేరే. తయారుగా ఉన్న బండి కొంటే ఒక్కరోజులో అయిపోతుంది, మర్నాడు మళ్లీ ఆయన సోఫాలో కూర్చుని నేను ఎటు తిరిగితే అటు చూస్తుంటాడు. కిట్టయితే నెలలు పడుతుంది. ఆ నెలలపాటు ఆయన చూపు ఇంకోదాని మీద ఉంటుంది. నాక్కావలసింది ఆ నెలలు.

షీటులో చివరికి ఒక్క గడి మిగిలిపోయింది. అదే రిమోట్. ఇలాంటి బండ్లకు వాడే రిమోట్లన్నీ పిస్తోలులా ఉంటాయి. ఎడమచేత్తో పిడి పట్టుకుని, వేలితో ట్రిగ్గర్ నొక్కితే బండి కదులుతుంది. పక్కనున్న చిన్న చక్రాన్ని కుడిచేత్తో తిప్పితే మలుపు తిరుగుతుంది. రెండు చేతులుంటేనే నడిచే వస్తువు. అది గమనించిన రోజు ఆఫీసు క్యాంటీన్‌లో కూర్చుని, ఎడమచేత్తో స్టేప్లర్‌ను ఆ రిమోట్‌లా పట్టుకుని, కుడిచెయ్యి ఒళ్లో పడేసుకుని చాలాసేపు చూశాను. ఎలా చూసినా కుదరలేదు.

మళ్లీ కూకట్‌పల్లి వెళ్లాను. ఈసారి కొట్టాయనకు ఉన్నదున్నట్టు చెప్పాను. పిల్లాడికి కాదని, మా ఆయనకని, ఎడమచెయ్యి ఒక్కటే పనిచేస్తుందని. ఆయన అయ్యో అనలేదు. లోపలికెళ్లి బొమ్మ విమానాలు నడిపే రిమోట్ ఒకటి తెచ్చాడు. పుస్తకమంత డబ్బా, దానిమీద రెండు పుల్లలు.

"విమానాలకు రెండు పుల్లలూ కావాలండి. మన బండికి కదలడం, తిరగడం, రెండే పనులు. ఆ రెండూ ఈ కుడివైపు పుల్లకే ఇచ్చేద్దాం. పైకి తోస్తే ముందుకెళ్తుంది, పక్కకు తోస్తే మళ్లుతుంది. వదిలేస్తే మధ్యకొచ్చి ఆగుతుంది. డబ్బా ఒళ్లో పెట్టుకుని ఒక్క బొటనవేలితో నడపొచ్చండి."

అక్కడే దాన్ని, సంకేతం అందుకునే రిసీవర్‌కు కలిపి, సర్వో తగిలించి, నన్ను ఎడమ బొటనవేలితో ప్రయత్నించమన్నాడు. పుల్ల పక్కకు తోస్తే సర్వో తిరిగింది. నాకు ఏడుపొచ్చింది. ఆయన ఫోన్ వచ్చినట్టు లేచి గుమ్మం దాకా వెళ్లి, నేను సర్దుకున్నాక వచ్చాడు.

పెట్టె ఇంటికి తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టాను. మూత మీది బొమ్మ చూడగానే మా ఆయనకు అంతా తెలిసిపోయింది. ఫోన్‌లోది చూశానని కూడా తెలిసిపోయింది. నా వైపు చూసి "అదే" అన్నాడు. కోపమో సంతోషమో నాకు తెలియలేదు. మామ కళ్లద్దాలు పెట్టుకుని బొమ్మను చాలాసేపు చూశాడు.

"రాళ్లెక్కేటందుకు బండా బిడ్డా ఇది?" అన్నాడు. అవునన్నాను. "ఎక్కి ఏం జేస్తది?"

ఏమీ చేయదు, ఎక్కుతుంది, మళ్లీ దిగుతుంది అన్నాను. మామ తలూపాడు.

మొదటి వారమే ఇబ్బంది అర్థమైంది. ఎడమచేత్తో స్క్రూ తిప్పాలంటే భాగాన్ని ఇంకోచెయ్యి పట్టుకోవాలి. మామ పట్టుకుంటే చేతులు వణికేవి, దగ్గొస్తే జారిపోయేది. మూడోరోజు మామ నన్ను బాలానగర్ తీసుకెళ్లమన్నాడు. క్వారీలో ఆయనతోపాటు పనిచేసిన ఒకతను అక్కడ లేత్ వర్క్‌షాపులో ఉన్నాడట. టేబుల్ అంచుకు బిగిస్తే వస్తువును కదలకుండా పట్టి ఉంచే చిన్న వైస్ ఒకటి అడిగి తెచ్చుకున్నాడు. దాని దవడలకు సైకిల్ ట్యూబు ముక్కలు అతికించి ఇచ్చాడతను, ప్లాస్టిక్ నలగకుండా. తిరిగొస్తుంటే కారులో మామ ఒక మాట చెప్పాడు.

"మీ పెండ్లికి ఆఫీసోళ్లు వచ్చిండ్రు గద. వాళ్లతోని నన్ను కాంట్రాక్టర్ అని చెప్పిండు వాడు. నేను గూడ ఔ అన్న."

ఆయన గొంతులో నిష్ఠూరం లేదు. అప్పుడు వాడికి ఏం పరేషాన్ ఉండెనో అని మాత్రం అని, మెట్రో స్తంభాలను చూస్తూ కూర్చున్నాడు.

పని చాలా నెమ్మదిగా సాగింది. నేను సాయంత్రం వచ్చేసరికి ఒకరోజు మూడు స్క్రూలు బిగిసి ఉండేవి, ఒకరోజు ఒకటీ ఉండేది కాదు. కొన్ని రోజులు పొద్దున బిగించినవే సాయంత్రానికి ఊడదీసి ఉండేవి. స్క్రూ కిందపడితే మామ మోకాళ్ల మీద వంగి, ఫోన్ లైటు వేసి, టేబుల్ కింద వెతికేవాడు. పైకి లేచేసరికి ఆయాసంతో మాట వచ్చేది కాదు. ఒక స్క్రూ దొరకడానికి ఒక మనిషి ఊపిరి అంత ఖర్చవుతుంటే ఇదంతా ఎందుకు తెచ్చానా అనిపించేది. కానీ ఆపమని నేను అనలేదు. వాళ్లిద్దరూ టేబుల్ దగ్గరుంటే నేను వంటింట్లో తలుపు దగ్గరగా వేసుకుని, పావుగంటసేపు ఒంటరిగా టీ తాగగలిగేదాన్ని.

మోటారుకు తీగలు అతికించే పని నేను చేశాను. అన్నీ అయ్యాక, మూడో నెల చివర్లో ఒక ఆదివారం, బండిని హాల్లో నేల మీద పెట్టాం. ఆయన ఒళ్లో దిండు పెట్టి, దాని మీద రిమోట్ డబ్బా పెట్టాను. బొటనవేలితో పుల్ల పైకి తోశాడు. బండి ఉన్నచోటే గింజుకుంది. ముందు చక్రాలు ముందుకీ, వెనక చక్రాలు వెనక్కీ తిరుగుతున్నాయి.

నేను తీగలు తారుమారయ్యాయనుకున్నాను. నా పనిలో తప్పు జరిగిందనుకుని వెంటనే బండిని తలకిందులు చేసి తీగలు విప్పబోయాను. ఆయన "వద్దు" అన్నాడు. వేలితో గాలిలో ఏదో గుండ్రంగా గీసి, అటు నుంచి ఇటు తిప్పి చూపించాడు. నాకు అర్థం కాలేదు. ఇది కాదా, అది కాదా అని అడుగుతూనే చేతులు ఆపలేదు. "వద్దు, వద్దు, వద్దు" అంటూ ఆయన నా చేతిని కొట్టబోయాడు. ఎక్కడ విప్పాలో చూపించేందుకు తీసుకున్న స్క్రూడ్రైవర్ ఆయన చేతిలోనే ఉంది. సరిగ్గా అప్పుడే బండిని చూద్దామని మామ మధ్యకు వంగాడు. అది మామ కనుబొమ మీద తగిలింది.

రక్తం కంట్లోకి కారింది. "ఏం గాలే, ఏం గాలే" అంటూ మామ తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. దవాఖానలో మూడు కుట్లు వేశారు. ఎలా తగిలిందని నర్సు అడిగితే అల్మారా తలుపు అన్నాడు మామ. మేం తిరిగొచ్చేసరికి మా ఆయన గోడ వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. ఆ రోజు అన్నం ముట్టలేదు. నేను బండినీ సామానునూ పెట్టెలో సర్ది అల్మారా పైన పెట్టేశాను.

రెండు వారాల తర్వాత ఒక శనివారం కూరగాయలు తెచ్చుకుని తలుపు తీస్తే, టేబుల్ మీద బండి వెనక ఇరుసు విప్పి ఉంది. వైస్‌లో బిగించి ఉంది. మామ లోపలి పళ్లచక్రాన్ని చేత్తో పట్టుకుని ఇటా అటా అని చూపిస్తున్నాడు, మా ఆయన వేలు తిప్పి చూపిస్తున్నాడు. ఆ చక్రాన్ని తిరగేసి పెట్టారట. తీగలది కాదు తప్పు. మా ఆయన మొదటి క్షణంలోనే పట్టుకున్నాడు, గాలిలో గీసింది దాన్నే. మామకు అది అర్థం కావడానికి రెండు వారాలు పట్టింది, నాకు అసలు అర్థం కాలేదు. గుమ్మంలో సంచీ పట్టుకుని నిలబడ్డాను. వాళ్లు నన్ను చూడలేదు.

మా అపార్ట్‌మెంట్ వెనక, కొత్తగా కడుతున్న టవర్లకు ఇవతల, ఇంకా కొంచెం బండ మిగిలి ఉండేది. పెద్ద పెద్ద గుండ్లు, వాటి పక్కన ఏటవాలు రాయి. ఆదివారం పొద్దున్నే అక్కడికి వెళ్లాం. కారు రోడ్డు పక్కన ఆపి, మడత కుర్చీలో ఆయన్ను కూర్చోబెట్టాను. మామ బండిని ఎత్తుకెళ్లి రాయి మొదలు దగ్గర పెట్టాడు.

మొదట రెండుసార్లు వెనక్కి దొర్లింది. మూడోసారి మామ బండి పక్కనే నడుస్తూ దారి చెప్పడం మొదలుపెట్టాడు.

"ఆగు కొడుకా. గక్కడ పగులున్నది, దాని మీదికెల్లి వద్దు. జర ఎడమకు. ఆ, గట్లనే పోనీ."

మామ ఎటు చెబితే అటు బండి తిరిగింది. నాకు అంతా ఒకటే రాయిలా కనిపించే చోట మామకు గీతలు కనిపించేవి, ఎక్కడ నున్నగా ఉంది, ఎక్కడ పట్టు దొరుకుతుంది, ఎక్కడ పొర లేచింది అని. చక్రాలు ఒక్కొక్కటిగా రాతిని పట్టుకుని, ఆగి, మళ్లీ పట్టుకుని పైకి చేరాయి. పైన చేరాక మా ఆయన బొటనవేలు తీసేశాడు. బండి అక్కడే నిలబడింది. ఆయన ముఖం చూశాను. నవ్వలేదు. చాలా నెలల తర్వాత, ఏదో ఒక పని మధ్యలో ఉన్న మనిషి ముఖంలా ఉంది.

మామ రాయి మీద చెయ్యి వేసి నిలబడి ఆయాసం తీర్చుకుంటూ, "దీన్ని పగలగొట్టాలంటే యాడ బెజ్జం వెయ్యాల్నో నాకు తెల్సు. ఎక్కాలంటే యాడికెల్లి ఎక్కాల్నో ఎన్నడు సూడలే" అన్నాడు.

తర్వాత చేత్తో తడిమి నాకు చూపించాడు. రాయికి అవతలి పక్క వరసగా ఎర్ర రంగుతో చుక్కలు పెట్టి ఉన్నాయి. బెజ్జాలకు గుర్తులు. నెల కూడా ఉండదన్నాడు. ఆయన అన్నట్టే అయింది. మేం నాలుగు ఆదివారాలు వెళ్లాం. ఐదో ఆదివారానికి రేకులు అడ్డం పెట్టేశారు. ఆ వారమంతా సాయంత్రాలు సైరన్ మోగేది, తర్వాత కిటికీ అద్దాలు అదిరేవి. మామ బాల్కనీలో కూర్చుని చప్పుడును బట్టి ఎన్ని బెజ్జాలు పేలాయో చెప్పేవాడు. దుమ్ము లోపలికి రాకుండా నేను తలుపులు మూస్తుంటే, ఇంకెంత దుమ్ము పోతదిలే అని నవ్వేవాడు.

వానాకాలంలో మామ మంచాన పడ్డాడు. ఊపిరితిత్తులు రాయిలా గట్టిపడిపోయాయని డాక్టర్ ఎక్స్‌రే చూపించాడు. పదకొండు రోజులు ఆక్సిజన్ మీద ఉన్నాడు. చివరి రెండు రోజులు కొడుకును తీసుకురమ్మని సైగ చేశాడు. తీసుకెళ్లి మంచం పక్కన కూర్చోబెట్టాను. ఒకరికి ఊపిరి లేక మాట రాదు, ఒకరికి ఊపిరుండీ మాట రాదు. మామ కొడుకు కుడిచేతిని తీసుకుని వేళ్లు ఒక్కొక్కటీ విప్పి, మళ్లీ మూస్తూ ఉన్నాడు, కసరత్తు అమ్మాయి నేర్పినట్టు.

శ్మశానంలో తలకొరివి పెట్టాల్సింది మా ఆయనే. కుడిచేత్తోనే పెట్టాలని పెద్దవాళ్లు పట్టుబట్టారు. ఆయనకు వరసకు అన్న అయ్యే ఒకాయన ఆ చచ్చుబడిన చేతిని తన చేతిలో పట్టుకుని, నిప్పును దాని వేళ్ల మధ్య ఇరికించి, చితి దాకా తీసుకెళ్లాడు. మా ఆయన ఆ చేతిని అది వేరేవాళ్లదైనట్టు చూస్తూ నడిచాడు. నేను దూరంగా, ఆడవాళ్లు నిలబడ్డ చోటు నుంచి చూశాను.

ఆ తర్వాత ఆయన బండిని ముట్టుకోలేదు. నేను రెండుసార్లు ఛార్జ్ చేసి ఒళ్లో రిమోట్ పెట్టాను. రెండుసార్లూ తీసి పక్కన పెట్టాడు. దారి చెప్పేందుకు నేను నడుస్తానన్నాను. "వద్దు" అన్నాడు. నాకు రాళ్ల గురించి ఏమీ తెలియదని ఆయనకు తెలుసు. వాడక వాడక బ్యాటరీ ఉబ్బిపోయింది. అలాంటిది ఇంట్లో ఉంటే అంటుకునే ప్రమాదముందని చదివి, కొట్టాయనకు ఇచ్చి వచ్చాను. ఆయన ఏమీ అడగకుండా ఇసుక డబ్బాలో పెట్టాడు.

ఏడాదిన్నర గడిచింది. మా ఆయన కంపెనీ ఉద్యోగం ముగిస్తున్నట్టు ఉత్తరం పంపింది, మర్యాదగానే. బీమా రావాలంటే శాశ్వత వైకల్యమని సర్టిఫికెట్ కావాలన్నారు. పెద్దాసుపత్రిలో డాక్టర్ల బృందం చూసి ఇస్తుంది. పొద్దున ఏడింటికే వెళ్లి వరండాలో కూర్చున్నాం. మా ముందు కర్రల మీద ఒకతను ఉన్నాడు. అంతకుముందు ఒకసారి వచ్చి, వైకల్యం శాతం తక్కువ వేశారని మళ్లీ వచ్చాడట. "చేతనైతది అనే మాట ఒక్కటి గూడ అనకు అక్కా" అని నాకు చెప్పాడు.

లోపల ముగ్గురు డాక్టర్లున్నారు. చెయ్యెత్తమన్నారు, లేవలేదు. పేరు చెప్పమన్నారు, "అదే" అన్నాడు. కాలు పరీక్షించారు. వాళ్లలో పెద్దాయన రాసుకుంటూ తలెత్తకుండా నన్ను అడిగాడు.

"ఎడమచేత్తో ఏమైనా పని చేయగలడా అమ్మా? చిన్నపనైనా?"

టేబుల్ మీద వైస్, వందల స్క్రూలు, ఇరుసు, అన్నీ నా కళ్లముందు కదిలాయి. మా ఆయన నా వైపు తిరిగాడు. నేనేం చెబుతానో ఎదురుచూస్తున్నాడని నాకు అర్థమైంది.

"లేదు సార్. ఏమీ చేయలేడు" అన్నాను.

డాక్టర్ రాసుకున్నాడు. అదంతా ఎంతసేపు, మూడు నిమిషాలు కూడా కాలేదు. బయటికొచ్చాక, కారెక్కాక, ఇంటికెళ్లేదాకా ఆయన నా వైపు చూడలేదు. ఎందుకలా చెప్పానో ఆయనకు అర్థం కాకపోదు, కానీ విన్న మాట విన్నదే.

కాగితం మేం అనుకున్నట్టే వచ్చింది. బీమా కూడా వచ్చింది. ఇల్లు నడుస్తోంది. అప్పటిదాకా ఆయన చొక్కా గుండీలు ఎడమచేత్తో తనే పెట్టుకునేవాడు. పది నిమిషాలు పట్టేది, చివరి గుండీ ఒక్కోసారి తప్పిపోయేది, అయినా నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఆసుపత్రికి వెళ్లొచ్చిన మర్నాడు పొద్దున చొక్కా తొడుక్కుని, గుండీలు వదిలేసి, నా ముందుకొచ్చి నిలబడ్డాడు. కొంచెంసేపు చూశాను. తర్వాత నేనే పెట్టాను. ఇప్పటికీ రోజూ నేనే పెడుతున్నాను.